మా అన్నయ్య షోరూము

పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఆడే అబద్ధాలకు పాపం అంటదని పెద్దవాళ్ళు అంటూంటారు. ఆ ధైర్యంతోనే 2013లో మా అబ్బాయికి సంబంధం కుదిరేటప్పుడు నేనూ ఒకటి ఆడాను. మరీ పెద్దదేం కాదు లెండి. నిజానికే కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేశాను, అంతే. పెళ్ళికూతురి తల్లి, "మీ అన్నగారు ఏం చేస్తూంటారు వదినగారూ?" అని అడిగింది. "విజయవాడలో ఆటోమొబైల్ బిజినెస్సండీ" అన్నాను. ఆవిడ పక్కావిడ వైపు తిరిగి, "షోరూముందిట" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. కాఫీ చల్లారిపోతోంది, తాగమని మాత్రం అన్నాను.

మా అన్నయ్యకి ఉన్నది షోరూము కాదు. ఆటోనగర్లో కమాన్ల షాపు.

కమానంటే ఏమిటో మనలో చాలామందికి తెలియకపోవచ్చు. ఈసారి లారీ ఆగి ఉన్నప్పుడు వెనక చక్రాల దగ్గర వంగి చూడండి. నాలుగు వేళ్ళ వెడల్పు ఉక్కు పట్టీలు ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్యలో బిగించి కట్టి ఉంటాయి. పైది పొడుగు, కిందికి వచ్చేకొద్దీ పొట్టి. అదే కమాన్ కట్ట. పైనున్న బరువుకీ కిందనున్న చక్రానికీ మధ్య పడుండేది అదే. గోతిలో చక్రం పడితే తాను వంగి, మళ్ళీ తానే లేచి నిలబడుతుంది. కొన్నేళ్ళకి అలిసిపోయి కుంగుతుంది, లేదా పట్టీ విరుగుతుంది. అప్పుడు కట్ట విప్పి, ఒక్కో పట్టీనీ దాగలి మీద పెట్టి, సుత్తితో కొట్టి, మళ్ళీ వంపు తెప్పిస్తారు. మా అన్నయ్య నలభై నాలుగేళ్ళు చేసిన పని అది. ఆ చప్పుడుకి ఎడమ చెవి పూర్తిగా పోయింది.

ఆయన ఆ పనిలోకి సరదాపడి వెళ్ళలేదు. 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కాలేజీలన్నీ మూతపడ్డాయి. ఆ ఏడే మా నాన్నగారు పోయారు. ఆయన ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇంట్లో అమ్మ, పద్దెనిమిదేళ్ళ అన్నయ్య, పదమూడేళ్ళ నేను మిగిలాం. "కాలేజీ తెరిచేదాకా ఊరికే కూచోడం ఎందుకు, నాలుగు డబ్బులు సంపాదించుకొస్తా"నని తెలిసినాయన షాపులో చేరాడు అన్నయ్య. తరవాత కాలేజీలు తెరిచారు. అన్నయ్య మాత్రం వెళ్ళలేదు. నన్ను బి.ఎస్సీ. చదివించాడు, బి.యిడి. చదివించాడు, పెళ్ళి చేశాడు. 2008లో మా వాడు ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళతానంటే, లోను చాలక మేం మొహాలు చూసుకుంటున్నాం. అప్పుడు కానూరులో ఇల్లు కట్టుకుందామని కొనుక్కున్న స్థలం అమ్మేసి, డబ్బు సంచీ తెచ్చి మా టేబులు మీద పెట్టాడు. మావారు బ్యాంకులోనే ఉద్యోగం చేసేవారు సుమండీ!

అలాంటి అన్నయ్యని ఆయన బతికిన షాపులోంచి లేపి, లేని షోరూములో కూచోబెట్టాను నేను.

అంతకుముందు ఇంకో ఘనకార్యం కూడా ఉంది. మా వాడికి పదకొండేళ్ళప్పుడు వేసవి సెలవులొస్తే చాలు, మావయ్య షాపుకి పరుగెత్తేవాడు. సాయంత్రానికి మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, "అమ్మా, ఇవాళ సెంటర్ బోల్టు నేనే బిగించాను తెలుసా!" అంటూ వచ్చేవాడు. ఓరోజు మావారి ఆఫీసరుగారి భార్య పేరంటానికి పిలవడానికి వచ్చి కూచున్న వేళకి సరిగ్గా ఆ అవతారంతోనే ఊడిపడ్డాడు. ఆవిడ వెళ్ళాక నాలుగు తగిలించాను. మర్నాడే కంప్యూటర్ క్లాసులో చేర్చేశాను. ఆ సాయంత్రం అన్నయ్య వచ్చి, "అల్లుడు ఇవాళ రాలేదేం?" అంటే, "వాణ్ణి కూడా సుత్తి పట్టుకోమంటావా ఏం?" అన్నాను. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. నవ్వేముందు తన చేతుల వైపు ఓసారి చూసుకున్నాడు. చూసుకోవడం నేను చూశాను. చూడనట్టు లోపలికి వెళ్ళాను.

ఇప్పుడు అసలు కథకొస్తాను. 2024 వేసవిలో మావారూ నేనూ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాం. కారు దిగేసరికి వాకిట్లో ఓ భూతం నిలబడి ఉంది. పికప్ ట్రక్కట. ముందు మనుషులు కూచునే గది, వెనక తొట్టి. మన ట్రాలీ ఆటోకి పెదనాన్న అనుకోండి. టెక్సాస్‌లో ఏ వీధిలో చూసినా ఇవి కనిపిస్తాయి. కొన్నవాళ్ళలో కొందరు ఊరుకోరు. అడుగున దిమ్మలు పెట్టి, పెద్ద చక్రాలు తగిలించి ఎత్తు పెంచుకుంటారు. దాన్ని లిఫ్ట్ చెయ్యడమంటారు. రాళ్ళూ గుట్టలూ ఎక్కేవాళ్ళకి అది అవసరమే. మిగతావాళ్ళకి మీసం లాంటిది.

మా వాడిది 1997 నాటి బండి. పాత యజమాని ఎవరో ఎత్తించుకుని, నెత్తిన దీపాల వరస కూడా పెట్టించుకుని, సరదా తీరాక వీడికి అంటగట్టాడు. ఇంటి గరాజు తలుపు ఎత్తు ఏడడుగులు. ఆ దీపాలతో కలిపితే బండి అందులో పట్టదు. అందుకని ఎండా వానా దానికి వాకిలే గతి.

"ఇంత జీతం తెచ్చుకుంటూ ఈ డొక్కు బండేమిట్రా?" అన్నాను.

"మొక్కలకి మట్టి తెచ్చుకోడానికమ్మా" అన్నాడు. పెరట్లో చూస్తే రెండు తులసి కుండీలూ ఒక కరివేపాకు మొక్కా ఉన్నాయి.

వంటింట్లో పై అర అందుకునే స్టూలు తెచ్చి వేస్తే, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఓరోజు ఎక్కాను. ఎక్కాక తెలిసింది. బండి ఎడమ వైపుకి ఒరిగి ఉంది. మలుపు తిరిగితే చాలు, ఒక ఎద్దు కుంటే బండిలా పక్కకి వాలుతుంది. స్పీడ్ బ్రేకర్ మీదెక్కితే కింద ధభీమని ఓ దెబ్బ. వెనక భాగం కుంగి ముక్కు పైకి లేచిందేమో, దీపాల వెలుగు రోడ్డు మీద కాకుండా ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతోంది. వాళ్ళు దీపాలు ఆర్పి వెలిగించి తిట్టుకుంటూ పోతున్నారు. తిరిగొచ్చాక మా కోడలు ఒకటే మాట చెప్పింది. "ఇది బాగయ్యేదాకా పాప దీన్లో ఎక్కదు. మీరూ ఎక్కకండి అత్తయ్యా." ఆ వచ్చే నెలలో ఓక్లహోమాలో విచిటా కొండలకి ఆ బండిలోనే వెళ్ళి డేరా వేసుకుందామని మా వాడి ప్లాను.

మా వాడు నాలుగు కొత్త షాకబ్జార్వర్లు తెప్పించాడు. శనివారం అంతా బండి కింద దూరి అవి బిగించాడు. సాయంత్రం లేచి దులుపుకుని చూస్తే బండి ఎడమ వైపు ఎంత ఒరిగిందో అంతే ఉంది. వాడి మొహం చూస్తే జాలేసింది.

"కమాను చచ్చిందేమో చూడరా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. చిన్నప్పుడు అన్నం తింటూ అన్నయ్య అమ్మకి చెప్పే కబుర్లన్నీ అవే కదా! ఏ లారీకి కమాను చచ్చింది, ఏ బస్సుకి మెయిన్ పట్టీ విరిగింది అని. మా వాడు నా వంక అదోలా చూసి, మెల్లిగా, "మావయ్యకి ఫోన్ చేద్దామా అమ్మా?" అన్నాడు.

కోడలు ఆశ్చర్యపోయింది. "పెదనాన్నగారికి రిపేర్లు కూడా తెలుసా? వాళ్ళది షోరూం కదా?"

నేను కాఫీ కలపాలని లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి చేశాం. విజయవాడలో సాయంత్రం ఆరున్నర. అన్నయ్య షాపు పనివాళ్ళకి అప్పగించేసి ఎనిమిదేళ్ళయినా, సాయంత్రాలు వెళ్ళి అక్కడే ఓ కుర్చీ వేసుకు కూచుంటాడు. వీడియో ఫోనని ఎన్నిసార్లు చెప్పినా, దాన్ని కుడి చెవికి ఆనించుకునే మాట్లాడతాడు. అందుచేత మా అందరికీ తెర నిండా అన్నయ్య చెవి కనిపిస్తోంది.

"అల్లుడూ, ముందు బండిలో సామానంతా దింపెయ్. చదునుగా ఉన్నచోట నిలబెట్టు. టేపు తెచ్చి, చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా కొలువు. నాలుగు చక్రాల దగ్గరా."

కొలిచాడు. ముందు రెండూ సమానంగానే ఉన్నాయి. వెనక కుడి వైపు 24 అంగుళాలు, ఎడమ వైపు 22న్నర.

"మీ ఊళ్ళో డ్రైవరు ఎటు కూచుంటాడ్రా?"

"ఎడమ వైపు మావయ్యా."

"పెట్రోలు ట్యాంకు?"

"అదీ ఎడమే."

"ఇంకేం మరి! ఇన్నేళ్ళూ రోజూ మోసిన వైపు కుంగింది. షాకబ్జార్వరు మారిస్తే ఏం లాభం? బరువు మోసేది కమానురా. గోతిలో పడ్డాక బండి ఉయ్యాలలా ఊగకుండా ఆపేది షాకబ్జార్వరు. దాని పని దానిది. పాతవి కారుతున్నాయా?"

"రెండు కారుతున్నాయి."

"అయితే మార్చడం మంచిదేలే. రోగం మాత్రం అది కాదు. ఇప్పుడు పక్కన కూచుని కమాను వంక చూడు. నవ్వుతోందా?"

"ఏమిటి మావయ్యా?"

"రెండు చివర్లూ పైకి లేచి, మధ్య కిందికి ఉండాలి. నవ్వే మూతిలాగ. ఎలా ఉంది?"

మా వాడు నేల మీద చెంప ఆనించి చూశాడు. "కుడిది కొంచెం నవ్వుతోంది. ఎడమది మూతి బిగించుకుంది."

ఆరేళ్ళ మా మనవరాలు కూడా వాడి పక్కనే బోర్లా పడుకుని, "కాదు తాతయ్యా, ఏడుస్తోంది!" అని అరిచింది. చెవి పక్కనుంచి అన్నయ్య నవ్వు వినిపించింది.

"కమానుకీ ఇరుసుకీ మధ్య ఏముందో చెప్పు."

"ఒక ఇనప దిమ్మ. దాని కింద ఇంకో దిమ్మ."

అవతల కాసేపు మాట లేదు. తరవాత అన్నయ్య గొంతు మారింది. "ఒకదాని మీద ఒకటా? ఆ బండిలో పిల్లని ఎక్కించావా?"

"లేదు మావయ్యా."

"ఎక్కించకు. నువ్వూ నడపకు. కమాను కుంగి ఎత్తు తగ్గిందని ఎవడో దిమ్మ మీద దిమ్మ పెట్టాడు. మంచం కోడు విరిగితే కోడు మార్చకుండా ఇటుక మీద ఇటుక పేర్చినట్టు! గట్టిగా బ్రేకు వేశావనుకో, ఇరుసు మెలి తిరగాలని చూస్తుంది. దిమ్మలు ఎంత ఎత్తయితే మెలి అంత ఎక్కువ. అప్పుడు ఆ దిమ్మ జారితే..." అని ఆపేశాడు.

మా కోడలు పాపని దగ్గరికి లాక్కుంది.

"ఎత్తు తెచ్చుకోడం వేరు, బలం తెచ్చుకోడం వేరురా అల్లుడూ. ముందు వైపు ఏముంది?"

ముందు వైపు కమాన్లు లేవు. తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతూ బరువు మోసే పొడుగాటి ఉక్కు కడ్డీలున్నాయి. టార్షన్ బార్లంటారట. మన పాత అంబాసిడర్ కార్లకి ముందు అవే ఉండేవని అన్నయ్య చెప్పాడు. వాటి మరలు కూడా ఎవరో తెగబిగించారు. బిగిస్తే బండి పైకి లేస్తుందే గానీ కడ్డీకి కొత్త బలమేం రాదట. పైగా గోతిలోకి చక్రం దిగడానికి చోటు తగ్గిపోయి కుదుపు ఎక్కువవుతుందట. "అవి కాస్త వదులు చెయ్" అన్నాడు.

"పాత కట్టలోనే ఇంకో పట్టీ వేస్తే సరిపోదా మావయ్యా? ఇక్కడ చాలామంది అలా చేస్తారు."

"వెయ్యొచ్చు. అలిసిపోయిన పాత పట్టీలన్నీ బరువు తీసుకెళ్ళి ఆ కొత్తదాని మీద పడేస్తాయి. అది ఒంటరిగా బిర్రబిగిసి కూచుంటుంది. బండి ఎగిరెగిరి తంతుంది. మళ్ళీ దాన్నే తిడతారు."

మా కోడలు గుటుక్కున నవ్వి నా వంక చూసింది. నేనూ ఆ ముక్క విన్నాను లెండి. పాత సంసారంలో కొత్త కోడలి సంగతి నాకు మాత్రం తెలీదా?

"పోనీ, మీరు కొట్టినట్టు సుత్తితో కొట్టి వంపు తెప్పిస్తే?"

"మేం వంపు తెప్పిస్తాం నాన్నా. ఆయుష్షు తేలేం. కొన్నాళ్ళు నిలబడి మళ్ళీ కుంగుతుంది. మన లారీవాడికి కొత్త కట్ట కొనే స్తోమత ఉండదు గనక మా దగ్గరికి వచ్చేవాడు. నీకు కొనే శక్తి ఉంది. రెండు వైపులవీ జోడుగా మార్చు. కుడిది బాగానే ఉందని వదిలేస్తే మళ్ళీ వంకరే. నీకు కావలసిన ఎత్తు కమాను వంపులోనే ఉండేవి దొరుకుతాయి, అవి తెప్పించు. ఆ దిమ్మలు తీసి పారెయ్. యూ బోల్టులు కొత్తవి వెయ్. అవి ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్ళీ పనికిరావు. బుష్షులూ కొత్తవే."

నలభై నాలుగేళ్ళ విద్య పావుగంటలో చెప్పేశాడు. మా వాడు కాగితం మీద రాసుకుంటున్నాడు, చిన్నప్పుడు ఎక్కాలు రాసుకున్నంత శ్రద్ధగా. అప్పుడు మా కోడలు మర్యాద కోసం ముందుకి వంగి, "పెదనాన్నగారూ, మీ షోరూంలో ఏ బండ్లు అమ్ముతారండీ?" అని అడిగింది.

నా చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"లారీలమ్మా" అన్నాడు అన్నయ్య. "చాలా పెద్ద షోరూము. పైకప్పు ఒక్కటే లేదు."

ఆయన నవ్వుతూ అన్నాడో, ఎలా అన్నాడో నాకు తెలీదు. తెర మీద చెవి తప్ప ఏమీ కనబడలేదు. ఒక్కటి మాత్రం తెలిసింది. ఈ పదకొండేళ్ళూ ఆయనకి ఆ షోరూము సంగతి తెలుసు. తెలిసీ నా పరువు ఆయనే మోస్తూ వచ్చాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇటుక మీద ఇటుక అన్నమాటే చెవుల్లో తిరిగింది. నేను పెట్టిందీ దిమ్మే కదా మరి!

రెండు వారాలకి సామాన్లొచ్చాయి. ఒక్కో కట్ట పాతిక కిలోల పైమాటే. ముందు రాత్రే మా వాడు పాత బోల్టుల మీద తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాడు. పొద్దున్నే ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు అడ్డం పెట్టి, వెనక చట్రాన్ని రెండు ఇనప స్టాండ్ల మీద నిలబెట్టాడు. జాకీని నమ్మి బండి కింద దూరొద్దని అన్నయ్య మూడుసార్లు చెప్పాడు. ఆయన ఆటోనగర్లో కుర్చీలో కూచుని, చెవి మాకు చూపిస్తూ, మొత్తం పని నడిపించాడు.

ఒక బోల్టు మాత్రం ససేమిరా రానంది. బండి ఒకప్పుడు ఉత్తరాది రాష్ట్రంలో తిరిగిందట. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు జల్లుతారు. ఆ ఉప్పుకి బోల్టూ దాని గొట్టమూ ఒకటైపోయాయి. చివరికి కోసి తియ్యాల్సి వచ్చింది. మా వాడి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి. పసుపు పెడదామని చెయ్యి పట్టుకుంటే మోచేతి దాకా గ్రీజు. పదకొండేళ్ళప్పటి చెయ్యే.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?" అన్నాడు మావారు, వాలు కుర్చీలోంచి లేవకుండానే.

"మావయ్య షాపులోనే నాన్నా. అమ్మ మాన్పించకపోతే ఇంకాస్త వచ్చేది" అన్నాడు వాడు. నిష్ఠూరమేం కాదు. బోల్టు మీద చూపు పెట్టి, పరాకుగా అన్నాడు. నిష్ఠూరంగా అంటేనే బాగుండేది. నేనూ ఓ మాట అనేదాన్ని.

నేను మా కోడలి దగ్గరికి వెళ్ళాను. అది వాళ్ళాయనకి దీపం పట్టుకుని నిలబడి ఉంది. "అమ్మాయ్, మా అన్నయ్యకి షోరూం లేదు. ఎప్పుడూ లేదు. కమాన్లు కొట్టే షాపు. సుత్తితో కొట్టేవాడు. మీ అమ్మగారితో నేనే అలా అన్నాను. మీ ఆయన అమెరికా వచ్చింది కూడా మా అన్నయ్య స్థలం అమ్మిన డబ్బుతోనే" అని గబగబా చెప్పేశాను. ఆగితే చెప్పలేనని భయం.

బండి కింద చప్పుడు ఆగిపోయింది. స్థలం సంగతి మా వాడికీ తెలీదు. నేను చెప్పలేదు. అన్నయ్య చెప్పనివ్వలేదు.

మా కోడలు కాసేపు దీపం వంకే చూసింది. తరవాత, "అత్తయ్యా, మా నాన్నగారికి రైసు మిల్లుందని మా అమ్మ చెప్పింది కదా?" అంది.

"అవును, తరవాత అమ్మేశారన్నారు."

"అమ్మలేదు. మిల్లు మాది కాదు. నాన్నగారు అందులో గుమాస్తా. 'రైసు మిల్లుందిట' అని మీరే ఎవరితోనో అంటూంటే అమ్మ కాదనలేదు. కాఫీ చల్లారిపోతోందని అందిట."

ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకుని పకపకా నవ్వేశాం. బండి కిందనుంచి మాత్రం నవ్వు వినబడలేదు. చాలాసేపయ్యాక మా వాడి గొంతు వినిపించింది. "మావయ్యా, ఉన్నారా?"

"ఉన్నాన్రా. ఏం, అయిపోయిందా?" అన్నాడు అన్నయ్య. మా మాటలు ఆయన ఎంత విన్నాడో, ఏమో!

"అయింది. చివరి బోల్టులు కూడా బిగించేస్తున్నా."

"ఆగాగు! కమాను చివర్ల బోల్టులు గాల్లో ఉండగా బిగించకు. ముందు బండిని దింపు. దాని కాళ్ళ మీద అది నిలబడి, బరువంతా పడ్డాక బిగించు. గాల్లో బిగిస్తే లోపలి రబ్బరు బుష్షు మెలిపడి కొన్నాళ్ళకే చిరిగిపోతుంది."

బండి దించారు. కొలిచారు. వెనక కుడి 24న్నర. ఎడమ దానికి పావు అంగుళం తక్కువ. "ఆ పావంగుళం ట్యాంకుదిలే" అన్నాడు అన్నయ్య. దిమ్మలు లేకుండానే బండి మునుపటికన్నా ఎత్తుగా నిలబడింది. మా మనవరాలు బోర్లా పడుకుని చూసి, రెండూ నవ్వుతున్నాయని తీర్పు చెప్పింది. తరవాత చక్రాల ఎలైన్‌మెంటు చేయించారు, దీపాలు కిందికి దించారు. 500 మైళ్ళు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించాలని అన్నయ్య రెండ్రోజులకోసారి గుర్తు చేస్తూనే ఉన్నాడు. మేమందరం అదే బండిలో విచిటా కొండలకి వెళ్ళొచ్చాం. స్పీడ్ బ్రేకర్లొచ్చినప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ వినబడలేదు.

అక్టోబరులో తిరిగి వచ్చేటప్పుడు పాత కట్టలోంచి అన్నిటికన్నా పొట్టి పట్టీ అడిగి తీసుకున్నాను. రెండు కిలోలుంటుంది. పాత చీరలో చుట్టి పెట్టెలో పెడుతూంటే మావారు, "అందరూ అమెరికా నుంచి బాదం పప్పు తెచ్చుకుంటారు, నువ్వు తుప్పు తెచ్చుకుంటున్నావు" అన్నారు. ఆయనకేం తెలుసు? ముప్ఫై ఏళ్ళుగా ఆయన తింటున్న వంకాయ కూరంతా అలాంటి తుప్పు తరిగినదే. నా వంటింట్లో కత్తిపీట లారీ కమాన్ పట్టీతో అన్నయ్య చేయించి ఇచ్చిందే. పల్లెటూళ్ళలో కొలుముల దగ్గర కొడవళ్ళూ కత్తులూ చేసేది కూడా చాలావరకు ఈ పాత కమాన్లతోనే. బండి కింద ఆయుష్షు తీరినా ఆ ఉక్కుకి పదును నిలబెట్టుకునే గుణం పోదు.

వచ్చిన రెండో రోజే అన్నయ్య ఇంటికి వెళ్ళాను. వదిన కాఫీ తెచ్చి పెట్టింది. నేను చీర మడత విప్పి పట్టీ ఆయన చేతిలో పెట్టాను. అన్నయ్య దాన్ని వేలి మీద నిలబెట్టి, స్పానరుతో ఒకసారి కొట్టి, కుడి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"పలుకుతోంది. పగులేం లేదు. మంచి కత్తిపీటవుతుంది. ఎవరికి?"

"కోడలికి."

అన్నయ్య పట్టీని ఒళ్ళో పెట్టుకుని, మెట్ట మీద పేరుకున్న తుప్పుని బొటనవేలితో రాస్తూ, "దానికేం చెబుతావు? షోరూములో కొన్నానని చెబుతావా?" అన్నాడు.

నా గొంతుకి ఏదో అడ్డం పడింది. ఆ చేతుల వంకే చూస్తూ కూచున్నాను. అన్నయ్యకి ఎప్పుడూ ఉన్న అలవాటే కదా, నా బరువు నేను మొయ్యలేకపోతున్నానని కనిపెట్టేసి, "కాఫీ చల్లారిపోతోందే, తాగు" అన్నాడు.

ఈసారి మాత్రం కాఫీ పక్కన పెట్టి, చెప్పవలసిందంతా చెప్పాను. కుడి చెవి వైపు కూచుని మరీ చెప్పాను.